‘మేము’ ఎక్కడ, ‘మనం’ ఎక్కడ: మియా ఆల్వార్ ‘ఇన్ ది కంట్రీ’

గల్ఫ్ వలస మీద కథ రాయాలనుకునే తెలుగువాళ్లకు సరుకు కొదవ లేదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్లినా, రాయచోటి వైపు వెళ్లినా, కోనసీమకు వెళ్లినా వీధికి నాలుగు కథలు దొరుకుతాయి. చిక్కంతా ఎవరి నోట చెప్పించాలన్న దగ్గర వస్తుంది. వెళ్లిన మనిషి నోట చెప్పిస్తే రెండో పేజీకే ఏడుపు మొదలవుతుంది. బయట నిలబడి చెబితే పేపర్లో వచ్చిన వార్తలా ఉంటుంది. ఈ ముడి విప్పుకోవాలనుకునేవాళ్లు కొని, పెన్సిలు పక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకం ఫిలిప్పీన్స్ రచయిత్రి మియా ఆల్వార్ కథల సంపుటి ‘ఇన్ ది కంట్రీ’.

2015లో న్యూయార్క్‌లోని నాఫ్ సంస్థ వేసింది. తొమ్మిది కథలు, సుమారు 350 పేజీలు. ఆఖరి కథ ఒక్కటే చిన్న నవలంత ఉంటుంది. ఆల్వార్‌కు ఇది తొలి పుస్తకం. 2016లో పెన్/రాబర్ట్ డబ్ల్యూ. బింగమ్ బహుమతి దీనికే వచ్చింది. ఆవిడ మనీలాలో పుట్టి, బహ్రెయిన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పెరిగారు. కథలు కూడా ఎక్కువగా ఈ మూడు చోట్ల మధ్యే తిరుగుతాయి.

చదవబోయే ముందు ఒక సంగతి తెలిసి ఉంటే మంచిది. ఫిలిప్పీన్స్‌లో వలస వెళ్లడం ఇంటి అవసరమే కాదు, సర్కారు విధానం కూడా. 1974లో అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వం తెచ్చిన లేబర్ కోడ్‌తో మనుషుల్ని విదేశీ కొలువులకు పంపడాన్ని ప్రభుత్వమే తలకెత్తుకుంది. 1982 చివర్లో వచ్చిన ఒక ఉత్తర్వు, జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకు ద్వారా ఇంటికి పంపి తీరాలంది. ఆ తర్వాత అధ్యక్షురాలైన కొరజోన్ అకినో, వలస కార్మికులను ‘కొత్త వీరులు’ అన్నారు. అలా ఒకే దేశం నుంచి ఇంజనీర్లు, నర్సులు, టీచర్లు, డ్రైవర్లు, పనిమనుషులు ఒకేసారి గల్ఫ్‌లో దిగారు. ఒకే ఊరివాళ్లు, ఒకే భాషవాళ్లు. ఒకరేమో కంపెనీ ఇచ్చిన ఇంట్లో, ఇంకొకరేమో అరబ్బు ఇంటి వెనక గదిలో. ఈ పుస్తకానికి ప్రాణం ఈ రెండు గదుల మధ్య దూరంలో ఉంది. కువైట్‌లో, బహ్రెయిన్‌లో తెలుగు ‘ఖద్దామా’ల, అంటే ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్ల, పక్క గదుల్లోనే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు కూడా ఉంటారు కాబట్టి మనకు ఆ దూరం ఎంతో విడమరిచి చెప్పక్కర్లేదు.

సంపుటిలో నాలుగో కథ ‘షాడో ఫ్యామిలీస్’. మొదటి కథతో మొదలుపెట్టకుండా నేరుగా దీనికే వెళ్లమని సలహా. స్థలం బహ్రెయిన్, కాలం 1980లు. కథ చెప్పేది ఒక మనిషి కాదు, ఒక గుంపు. మంచి ఉద్యోగాల్లో ఉన్న ఫిలిప్పీన్స్ మగవాళ్ల భార్యలంతా కలిసి ‘వీ’ అంటూ చెబుతారు. వారాంతంలో వీళ్లు తమ దేశపు ‘కతులోంగ్’లను, అంటే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, విందుకు పిలుస్తారు. తిండి పెడతారు, పాత బట్టలిస్తారు, కష్టసుఖాలు వింటారు. ఆ పెట్టే చేతికి ఎదుటి మనిషి కృతజ్ఞత చూపడం కూడా అవసరమే. బేబీ అనే కొత్త పనిమనిషి వచ్చేవరకూ లెక్క బాగానే నడుస్తుంది. ఈ బేబీ తలవంచదు, ముస్తాబు మానదు, ఎవరికీ రుణపడినట్టు కనబడదు. భార్యలకు మొగుళ్ల మీద అనుమానం మొదలవుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఇక్కడ చెప్పడం భావ్యం కాదు.

ఈ కథను తెలుగువాళ్లు ఇంగ్లీషులో చదువుతున్నప్పుడు ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. ప్రతి వాక్యం దగ్గరా మనసు ఆగి ‘ఈ వీ అంటే మేమా, మనమా?’ అని అడుగుతుంది. ఇంగ్లీషుకు ఆ తేడా లేదు. తెలుగుకు ఉంది. ఆ ఆడవాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే తగలోగ్‌కూ ఉంది. తగలోగ్‌లో ‘కామి’ అంటే మేము, ‘తాయో’ అంటే మనం. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, ఆ పాత్రలు ఉండే లోకంలో ఈ గీత ప్రతి మాటలోనూ ఉంటుంది. ఇంగ్లీషు దాన్ని మింగేసింది. తెలుగులోకి తెస్తే తిరిగి బయటికొస్తుంది.

ఎలాగో చూడండి. ఇవి కథలోని వాక్యాలు కావు, పద్ధతి తెలియడానికి కట్టినవి: ‘శుక్రవారం మా ఇంట్లో భోజనాలు పెట్టాం. మనవాళ్లే కదా అని వాళ్లనీ పిలిచాం.’ పది మాటల్లో మూడు గుమ్మాలున్నాయి. ‘మా ఇంట్లో’ అన్నప్పుడు పనిమనిషి బయట ఉంది. ‘మనవాళ్లే’ అన్నప్పుడు లోపలికి రానిచ్చారు. ‘వాళ్లనీ’ దగ్గర, ఆ చివర దీర్ఘంతో సహా, మళ్లీ గుమ్మం అవతల నిలబెట్టారు. ఆల్వార్ ఈ మూడు అడుగుల్ని చూపించడానికి సన్నివేశాలు కట్టాల్సివచ్చింది. తెలుగు కథకురాలికి సర్వనామమే ఆ పని చేసిపెడుతుంది. ‘ఆమె’ సంగతీ ఇంతే. ఇంగ్లీషులో బేబీ మొదటినుంచి చివరిదాకా ‘షీ’. తెలుగులో ‘ఆ అమ్మాయి’తో మొదలై ‘ఆవిడగారు’ అనే వెక్కిరింత దాకా వెళ్లి ‘అది’ దగ్గర తేలుతుంది. అనుమానం ఎంత ముదిరిందో ఆ మాటలే చెప్పేస్తాయి, విడిగా వివరించక్కర్లేదు.

గుంపు నోట చెప్పే కథ రాసేటప్పుడు ఎక్కడ చెడిపోతుందో కూడా ఈ కథలోనే తెలుస్తుంది. గుంపుకు తెలిసేది గుంపు చెవిన పడిందే. పడకగదిలో ఒక భార్య ఒంటరిగా పడిన వేదన ‘మేము’కు తెలియడానికి వీల్లేదు, ఆవిడ వచ్చి చెబితే తప్ప. కొత్తవాళ్లు ఈ హద్దు దాటేస్తారు. రెండు పేజీలు ‘మేము’ అని రాసి, మూడో పేజీలో ఒకావిడ కలలోకి దూరిపోతారు. అక్కడితో గుంపు చచ్చిపోయి మామూలు రచయిత గొంతు వచ్చేస్తుంది. ఆల్వార్ దాదాపు ఎక్కడా జారలేదు. విన్నదీ, ఊహించినదీ, చూసినదీ వేరువేరుగా ఉంచుతారు. మనకు ఇక్కడ కూడా ఒక పనిముట్టు సిద్ధంగా ఉంది: ‘అట’. వచ్చిందట, అన్నదట, తలుపు తీయలేదట. తగలోగ్‌లో ఇదే పని ‘దావ్’ అనే చిన్న మాట చేస్తుంది. చాడీకి వ్యాకరణం ఉన్న భాషలు ఇవి రెండూ. ఇంగ్లీషు కథలో ‘వీ హర్డ్’ అన్నట్టు విడిగా చెప్పాల్సినచోట తెలుగులో క్రియ చివర ఒక్క ముక్క చాలు. అయితే పేరాకు మూడుకు మించి ‘అట’లు వేస్తే హరికథలా తయారవుతుంది. ఒక పేరాలో నేరుగా చూసింది, తర్వాతి పేరాలో ‘అట’ అని మార్చుకుంటూ పోవాలి.

ఆ తర్వాత ఆరో కథ ‘ఎస్మెరాల్డా’ చదవాలి. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో రాత్రిళ్లు ఆఫీసులు శుభ్రం చేసే ఫిలిప్పీన్స్ ఆవిడ కథ. పై అంతస్తులో పనిచేసే జాన్ అనే మనిషితో ఏర్పడిన బంధం ఒకవైపు, 2001 సెప్టెంబర్ 11 ఉదయం మరోవైపు. ఆఖరున ఏం జరుగుతుందో పాఠకులకు ముందే తెలుసు కాబట్టి దాచడానికేమీ లేదు. అందుకే రచయిత్రి ఉత్కంఠ జోలికి పోకుండా చెత్తబుట్టలు, గుడ్డలు, బల్ల మీది మరకల మీద దృష్టి పెట్టారు. కథంతా ‘యూ’ అని నడుస్తుంది. తెలుగులో ‘నువ్వు’.

‘నువ్వు’తో కథ రాసినవాళ్లకు దాని గండం తెలిసే ఉంటుంది. క్రియలన్నీ ‘వు’తో ముగుస్తాయి. లేచావు, వంగావు, తుడిచావు, నడిచావు. నాలుగు వాక్యాలయ్యేసరికి లలితగీతమో, నిందో అయి కూర్చుంటుంది. ‘నువ్వు ఇలా చేశావు’ అనే వాక్యానికి తెలుగులో సహజంగానే తప్పుపట్టే స్వరం ఉంది. దీనికి మూడు మందులున్నాయి. ఒకటి, భూతకాలం వదిలి రోజూ జరిగే పనిలా చెప్పడం: తుడుస్తావు, వంగుతావు. రెండు, నాలుగు పనుల్లో మూడింటిని ‘లేచి, వంగి, తుడిచి’ అని అసమాపకంలో పెట్టి ఒక్కదానికే ‘వు’ మిగల్చడం. మూడు, నువ్వును వాక్యం నుంచే తీసేసి వస్తువును కర్తగా చెయ్యడం: ‘బల్ల కింద ఇంకో కాగితం కప్పు ఉంటుంది. అందదు. మోకాళ్ల మీదికి రావాల్సిందే.’ మూడోది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. మనిషి కనబడకుండా పని మాత్రమే కనబడటం ఆ ఉద్యోగపు స్వభావం కూడా కాబట్టి రూపం, విషయం ఒకటైపోతాయి.

మొదటి కథ ‘ది కాంట్రబీడా’ దగ్గరికి ఇప్పుడు రావచ్చు. కాంట్రబీడా అంటే ఫిలిప్పీన్స్ సినిమాల్లో విలన్. న్యూయార్క్ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసే కొడుకు, చావుకు దగ్గరపడిన తండ్రి కోసం మనీలా వస్తాడు. సామానులో ఒంటికి అంటించే బలమైన నొప్పి మందు పట్టీలు దాచి తెస్తాడు. మందు పేరు రచయిత్రి కల్పన. తండ్రి మంచివాడు కాదు, ఇంట్లోవాళ్లను కొట్టినవాడు. తల్లి ఇంటిని ఆనుకునే చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది, వాళ్లు ‘సరి-సరి స్టోర్’ అంటారు. వలస కథల్లో పెట్టె విప్పే సన్నివేశం తప్పనిసరిగా ఉంటుంది. సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు, దుప్పట్లు. ఆల్వార్ ఆ పెట్టెలో చట్టానికి విరుద్ధమైన వస్తువు ఒకటి పెట్టారు. దాంతో పెట్టె విప్పడం బంధువుల పండగ కాకుండా కొడుకుకూ అతని ఉద్యోగానికీ మధ్య, తల్లికీ తండ్రికీ మధ్య లెక్కల వ్యవహారం అయింది. పట్టీలు ఎవరి చేతిలో ఉన్నాయో గమనిస్తూ చదవండి. రెండోసారి చదివినప్పుడు, మొదటి పేజీల్లోనే తల్లి గురించి ఎంత చెప్పేశారో తెలిసి ఆశ్చర్యం వేస్తుంది.

‘ఎ కాంట్రాక్ట్ ఓవర్‌సీస్’ రాసేవాళ్లకు గుచ్చుకునే కథ. సౌదీలో డ్రైవరుగా వెళ్లిన అన్న ఆండోయ్ పంపే డబ్బుతో చెల్లెలు మనీలాలో కాలేజీ చదువుతూ కథలు రాస్తుంది. అన్న కష్టం ఆమె ఫీజు కడుతుంది. అదే కష్టం ఆమె కథకు సరుకు కూడా. రెండో అప్పు ఎలా తీర్చాలన్నది ప్రశ్న. మన దగ్గర కూడా ‘దుబాయ్ పోయినోళ్ల’ పైసలతో చదువుకుని వాళ్ల గురించి రాస్తున్న తరం వచ్చింది. వాళ్లు ఈ ఒక్క కథ కోసమైనా పుస్తకం కొనుక్కోవాలి.

‘ది మిరకిల్ వర్కర్’ బహ్రెయిన్‌లో ధనవంతుల బిడ్డకు చదువు చెప్పడానికి కుదిరిన ప్రత్యేక విద్య టీచర్ కథ. బిడ్డ స్థితిలో పెద్ద మార్పు రాదని టీచరుకు తెలుసు, తల్లికి చెప్పలేదు, జీతం తీసుకుంటోంది. నిదానంగా, చాలా నిజాయితీగా సాగుతుంది. ‘ది వర్జిన్ ఆఫ్ మోంటే రమోన్’ చక్రాల కుర్చీలో ఉన్న కుర్రాడి కథ. చదివిస్తుంది గానీ దేవతా విగ్రహం, యుద్ధవీరుడైన తాత అన్నీ ఒకేచోట పేర్చినట్టు ఉంటుంది. ‘లెజెండ్స్ ఆఫ్ ది వైట్ లేడీ’ అమెరికన్ మోడల్ మనీలా రావడం గురించి. సంపుటిలో బలహీనమైనది ఇదే. ఆ అమ్మాయి గొంతు మిగతా కథల్లోని ఆడవాళ్ల గొంతుల్లా నమ్మించదు. దయ్యం కథను వెనక పెట్టి నడిపినా ఆ లోటు పూడలేదు. మొదట దాన్ని చదివి పుస్తకం పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి చివరికి ఉంచుకోండి.

‘ఓల్డ్ గర్ల్’లో పేర్లు చెప్పరు, కానీ బోస్టన్ దగ్గర ప్రవాసంలో ఉన్న ఆ రాజకీయ నాయకుడూ భార్యా నినోయ్, కొరజోన్ అకినోలేనని గుర్తుపట్టాలి. 1980లో చికిత్స కోసం అమెరికా వెళ్లిన మార్కోస్ ప్రత్యర్థి నినోయ్, 1983 ఆగస్టు 21న తిరిగివచ్చి మనీలా విమానాశ్రయంలో దిగుతూనే హత్యకు గురయ్యారు. ఈ ఒక్క తేదీ తెలియకపోతే భర్త బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తాలనుకోవడం, భార్య వంటింట్లోంచి చూస్తుండటం ఏదో సరదా సంసార కథలా అనిపిస్తుంది. తెలిస్తే మాత్రం ప్రతి పేజీ బరువెక్కుతుంది.

పుస్తకానికి పేరు ఇచ్చిన ఆఖరి కథకు కనీసం రెండు సాయంత్రాలు కేటాయించాలి. మిలాగ్రోస్ అనే నర్సు, జిమ్ అనే విలేకరి. 1971లో మనీలా ఆసుపత్రిలో నర్సుల సమ్మెతో మొదలై, 1972 సెప్టెంబర్‌లో మార్షల్ లా, జిమ్ జైలు, 1986లో మార్కోస్ పతనం దాకా నడుస్తుంది. కాలం వరసగా సాగదు, ముందుకూ వెనక్కూ దూకుతుంది. తారీఖుల్ని పట్టించుకోకుండా చదివితే కొడుకు విషయంలో జరిగింది ఎప్పుడు జరిగిందో తెలియక తికమక పడతారు. ఒక కాగితం మీద సంవత్సరాలు నిలువుగా రాసుకుని, ఏ భాగం ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టుకుంటే రెండో సాయంత్రానికి దారి దొరుకుతుంది. ఇందులో కొన్నిచోట్ల చరిత్ర సంఘటనలు మనుషుల్ని నెట్టేసి ముందుకు వస్తాయి, అది లోపమే. అయినా మిలాగ్రోస్ లాంటి పాత్ర అరుదు. ప్రపంచమంతటికీ నర్సుల్ని పంపే దేశంలో వెళ్లనని మొండికేసిన నర్సు. ఎక్కువగా వెళ్లినవాళ్ల గురించిన కథల తర్వాత ఉండిపోయిన మనిషిని పెట్టడం, ఆ నిర్ణయానికి ఆమె ఏ మూల్యం చెల్లించిందో చూపించడం, సంపుటి కూర్పులో చాలా తెలివైన పని.

కాబట్టి చదివే వరస: నాలుగు, ఆరు, ఎనిమిది, ఒకటి, రెండు, ఏడు, తొమ్మిది. మిగిలిన రెండూ ఓపికను బట్టి. ఇంగ్లీషు కష్టమైనది కాదు, డిగ్రీ స్థాయిలో చదివినవాళ్లకు చాలు. ఫిలిప్పీన్స్ మాటలు కొన్ని ముందే తెలుసుకుంటే అక్కడి కథలేవి చదివినా సుఖంగా ఉంటుంది. ‘ఆతే’ అక్క, ‘కూయా’ అన్న, ‘యాయా’ పిల్లల్ని చూసే ఆయా, ‘బాలిక్‌బయన్’ విదేశం నుంచి ఊరొచ్చిన మనిషి, ‘పసలూబోంగ్’ ఆ మనిషి తెచ్చే కానుక.

మన ఊళ్ల పుస్తకాల షాపుల్లో ఇది బల్ల మీద కనబడే రకం కాదు, పేపర్‌బ్యాక్ గానీ ఈ-బుక్ గానీ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. పేపర్‌బ్యాక్‌కే ఓటు, ఎందుకంటే అంచుల్లో గీసుకోకుండా దీన్ని చదివి లాభం లేదు. దవావోలోనూ మనీలాలోనూ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు ఇంట్లో ఎవరైనా ఉంటే, వాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి పుస్తకాల షాపుల నుంచి దీనితోపాటు ఇంకొన్ని తెమ్మనవచ్చు. లువల్హాతి బౌటిస్టా నవల ‘దెకాదా ’70’ అందులో మొదటిది. మార్షల్ లా కాలంలో అయిదుగురు కొడుకుల తల్లి అమాండా కథ, ఇంగ్లీషు కలిసిపోయిన మనీలా వాడుక భాషలో రాసింది. మూలం చదవలేనివాళ్లు అనువాదం కోసం అడగాలి. బౌటిస్టా 2023లో కన్నుమూశారు. వీళ్లందరికీ ముందు పాజ్ మార్కెజ్ బెనితెజ్ ఉన్నారు. ఆవిడ 1925లో అచ్చయిన ‘డెడ్ స్టార్స్’తోనే ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీషు కథ నిలదొక్కుకుందని అక్కడి సాహిత్య చరిత్రలు మొదలవుతాయి. అంటే ఆ దేశంలో ఆధునిక ఇంగ్లీషు కథకు గడప వేసింది ఒక స్త్రీ. ఆల్వార్ ఆ ఇంటి మనిషే.

ఇక రాయాలనుకునేవాళ్లకు అభ్యాసం. ‘షాడో ఫ్యామిలీస్’ మొదటి రెండు పేజీలు తీసుకుని, అచ్చు కోసం కాకుండా తమ కోసం తెలుగు చెయ్యండి. అచ్చు వెయ్యాలంటే ప్రచురణకర్త దగ్గర హక్కులు తీసుకోవాల్సిందే. ‘వీ’, ‘అవర్’, ‘అస్’ వచ్చిన ప్రతిచోటా ముందు ఖాళీ వదలండి, ఏదీ నింపకండి. రెండు పేజీలూ అయ్యాక మొదటికి వచ్చి ఖాళీలు ఒక్కొక్కటే పూరించండి. మొదటిసారి అన్నీ ‘మేము’ అయిపోతాయి, సురక్షితంగా ఉంటుంది కాబట్టి. రెండోసారి, ఆ భార్యలు తమను తాము మంచివాళ్లుగా చూసుకుంటున్న వాక్యాలు వెతికి అక్కడ ‘మనం’ పెట్టి చూడండి. ‘మనం’ పెట్టిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఆ క్షణంలో పనిమనిషి ఆ గదిలో ఉందో, వంటింట్లో గిన్నెలు కడుగుతోందో పేజీ వెనక్కి తిప్పి సరిచూసుకోండి.